పక్కు రాలకముందే అరుగు దిగినవాడు

సిలార్‌కి ఒళ్ళు మండిపోయింది. తను సూది వేసిన పిల్లల్లో ఒక్కరూ పోలేదని పల్నాడు సగం చెప్పుకుంటోంది. అలాంటిది, వాగు అవతల ఊళ్ళో ఒక పాలు తాగే పసివాడు పోయాడని కబురొస్తే, గురువుగారు తనవైపు ఒక చూపు చూశాడు.

చూశాడంతే. ఒక్క మాటా అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది, ఎదురు చెప్పుకునేవాడు. ఆ చూపుకి ఏం చెప్పుకుంటాడు?

ఆ గురువు పేరు బుర్హాన్ హకీము. కుంపిణీ దొరలు ఇంకా ఈ వైపు అడుగు పెట్టని కాలం. అమ్మవారు, అదే మశూచి, పోస్తే ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయేవి. టీకా వేసేవాళ్ళు అప్పటికే ఉన్నారు, లేకేం! ఒళ్ళంతా పోసి మూలుగుతున్నవాడి పొక్కులోంచి పచ్చి రసి తీయడం, బాగున్నవాడి చేతి మీద గీరడం, బియ్యం మూట భుజాన వేసుకుని పక్క ఊరికి పోవడం. బతికినవాడు బతికాడు. పోయినవాడిని పోలేరమ్మ తీసుకుపోయింది. ఎవరిని అడిగేదేముంది?

హకీము ఆ పద్ధతి మార్చాడు. తేలిగ్గా పోసి కోలుకున్నవాళ్ళ దగ్గరే రసి తీసేవాడు. దాన్ని దూదిలో ఆరబెట్టి, ఏడాది దాచి, పాతబడ్డాకే వాడేవాడు. దానికంటే పెద్ద మార్పు ఇంకొకటి. టీకా వేసినవాడు ఆ ఇంటి అరుగు మీదే కూర్చోవాలన్నాడు. ఎందుకంటే సూది పడ్డ పిల్లకు వచ్చేది ఉత్తుత్తి జబ్బు కాదు, తేలికైనా అది అమ్మవారే. పక్కవాళ్ళకి అంటుకుంటే తేలిగ్గా పోస్తుందన్న నమ్మకం లేదు. అందుకని సూదికి తట్టుకోలేని చంటిపిల్లల్నీ, కడుపుతో ఉన్నవాళ్ళనీ ముందే వేరే ఊరికి పంపించేసి, పిల్ల ఒంటి మీద ఆఖరి పక్కు రాలిందాకా అరుగు మీద కాపలా ఉండాలి. ఆ ఇల్లు పెట్టిందే తినాలి.

పాతవాళ్ళు పగలబడి నవ్వారు. "పుండు కోసిన మంగలి అది మానిందాకా గుమ్మంలో కూర్చుంటాడా?" అన్నారు. వాళ్ళు సూది వేసిన ఊళ్ళలో ఏడుపులు వినపడి, హకీము కూర్చున్న ఊళ్ళలో రోకళ్ళ చప్పుడు వినపడేసరికి నవ్వడం మానేశారు. తర్వాత్తర్వాత వాళ్ళూ అరుగు ఎక్కారు. కొన్నాళ్ళకి కృష్ణ ఒడ్డు నుంచి గుండ్లకమ్మ దాకా అదే ఆచారం అయిపోయింది. "సూది సాయిబు అరుగు దిగాడంటే అమ్మవారు గడప దాటి పోయినట్టే" అని ఆడవాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

సిలార్ ఆ హకీము దగ్గర చిన్నప్పటినుంచి పెరిగి పెద్దవాడైన శిష్యుడు. చెయ్యి నెమ్మది. సూది దిగిందని పిల్లలకి తెలిసేది కాదు. గురువు తర్వాత తనే అని అందరికీ తెలుసు, అందరికంటే తనకి ఎక్కువ తెలుసు.

జరిగింది ఇది. వాగు అవతల నల్లగుండ్లలో గురవయ్య అనే రైతు కూతురు నాగికి సిలార్ టీకా వేశాడు. గురవయ్య పెళ్ళాం చంటివాణ్ణి తీసుకుని పుట్టింటికి పోయింది. గురవయ్య తల్లి ఆదెమ్మ పిల్ల దగ్గర ఉండిపోయింది. నాగికి తేలిగ్గా పోసింది, పొక్కులు ఎండి పక్కు కట్టాయి. అంతలో మేళ్ళవాగు అనే ఊళ్ళో జబ్బు అంటుకుందని, అక్కడి రెడ్డి సిలార్ కోసం గూడు బండి పంపించాడు. గూడు బండి! టీకా వేసేవాడి కోసం ఎవరైనా బండి పంపించారా ఎప్పుడైనా?

సిలార్ బండెక్కాడు. ఎక్కేముందు ఆదెమ్మకి విడమరిచి చెప్పాడు. "అమ్మా, పక్కులన్నీ రాలేదాకా చంటివాణ్ణి ఇంటికి తేవద్దు." ఆదెమ్మ సరేనంది.

ఆ సాయంత్రమే ఆదెమ్మ కోడలికి కబురు పెట్టింది. 'సూది సాయిబు అరుగు దిగి వెళ్ళిపోయాడు, ఇక భయం లేదు, రండి.' వచ్చారు. చాన్నాళ్ళుగా తమ్ముణ్ణి చూడని నాగి వాణ్ణి ఒళ్ళోంచి దించలేదు. తర్వాత వాడి ఒళ్ళు కాలింది. వాడికి తేలిగ్గా పోయలేదు.

కబురు తెచ్చింది గురవయ్యే. కొట్లాటకి రాలేదు. హకీము గుడిసె ముందు ముళ్ళకంప దగ్గరే నిలబడి, తలపాగా చేతిలో పట్టుకుని మాట్లాడాడు.

"సాయిబూ, మాయమ్మ కూడు ముట్టట్లేదు. నేనే పిలిపించా, నేనే మింగా అంటంది. ఊరోళ్ళూ అదే అంటన్నారు. నా పెళ్ళాం ఆమె మొగం చూడట్లేదు. మాయమ్మ నిన్నొక్క మాట అడిగి రమ్మంది. తప్పు తనదా, అమ్మవారిదా? అది తేలిందాకా మంచినీళ్ళు కూడా వద్దంట."

"నేను చెప్పే వచ్చాను కదా, గురవయ్యా!" అన్నాడు సిలార్ గబుక్కున.

"చెప్పావయ్యా. కాదనట్లేదు."

హకీము గురవయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు పద, నాయనా. నీ వెనకే వస్తాం."

అతను పోయాక సిలార్ కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. "హజ్రత్, మీరు నన్నెందుకు అలా చూస్తున్నారు? మాట తప్పింది వాళ్ళు. పోనీ, ముసలమ్మ బతకాలంటే పోలేరమ్మ తీసుకుపోయిందని చెబుదాం, గొడవ వదిలిపోతుంది. అంతేగానీ మన సూది వల్ల, మన మనిషి వల్ల పోయాడని మనమే ఒప్పుకుంటే, రేపు ఆ ఊళ్ళో ఒక్కరు చెయ్యి చాపుతారా? మేళ్ళవాగుకి వచ్చిన జబ్బు నల్లగుండ్లకి రాదా? మీరు జీవితమంతా కట్టిందంతా బూడిదలో పోసినట్టు కాదా?"

తీసిపారేసే మాట కాదది. హకీముకీ తెలుసు.

"ముందు ఇంత తిని పోదాం" అన్నాడు. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. "ఇంకా పలుకుంది. దించకు" అని చెప్పాడు. చెబుతూనే వంగి, మండుతున్న కట్టెలన్నీ పొయ్యిలోంచి బయటికి లాగి, చెంబుతో నీళ్ళు చల్లాడు. బుస్సుమని పొగ లేచింది. తర్వాత కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి వాగు వైపు వెళ్ళాడు.

సిలార్ మనసు ఇక్కడ లేదు. నల్లగుండ్లలో ఏం చెప్పాలా అని మాటలు కూర్చుకుంటున్నాడు. కూర్చుకుంటూనే గుడ్డ తీసుకుని కుండ దించి, గంజి వార్చి, ఆకులు వేశాడు.

హకీము వచ్చి కూర్చున్నాడు. ఒక మెతుకు తీసి వేళ్ళ మధ్య నొక్కాడు. నలగలేదు.

"దించొద్దన్నాను కదా?"

"మంట మీరే ఆర్పేశారు కదా, హజ్రత్! ఆర్పేశాక ఇంకా..."

సిలార్ అక్కడ ఆగిపోయాడు.

హకీము ఆ పలుకు అన్నమే ఇద్దరికీ వడ్డించాడు. తను నమిలి నమిలి తిన్నాడు. సిలార్ మాత్రం ఆకు ముందు తల వంచుకుని అలాగే కూర్చుండిపోయాడు.

నల్లగుండ్లలో ఆదెమ్మ అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మనిషి ఎండిపోయింది. నాగి ఆమె కాళ్ళ దగ్గర ముడుచుకుని కూర్చుంది. లోపలి గదిలోంచి కోడలు బయటికి రాలేదు. హకీము వచ్చాడంటే ఊరు ఊరంతా పోగయింది.

"సాయిబూ," అంది ఆదెమ్మ, "చెప్పు. నేనేనా?"

హకీము అరుగు కింద నేల మీద కూర్చుని తల వంచుకున్నాడు. ఎంతసేపటికీ నోరు విప్పలేదు. జనంలో ఎవరో గొణిగారు, "ఆయన మాత్రం ఏం చెబుతాడు, అంతా పోలేరమ్మ దయ" అని. ఇంకెవరో "అవునవును" అన్నారు. అందరికీ అది తేలికైన దారి. సిలార్‌కి కూడా తేలికే, ఊఁ అంటే చాలు.

గురువు మాట్లాడడని సిలార్‌కి అర్థమైంది. ముసలమ్మ ముందుకి వచ్చాడు.

"నువ్వు కాదమ్మా. పోలేరమ్మా కాదు," అన్నాడు. "నేను. పిల్ల ఒంటి మీద పక్కులు ఉండగానే నేను అరుగు దిగిపోయాను. దిగకూడదు."

"నాకు చెప్పే పోయావు గదా, అయ్యా!" అంది ముసలమ్మ. చూడండి ఆ తల్లి ధర్మం, తనని చంపుతున్న మాటనే వాడికి అడ్డం పెడుతోంది.

"చెప్పాను. చెప్పి బండెక్కాను. నేను దిగిపోతే ఎవరైనా ఏమనుకుంటారు? అయిపోయిందనే అనుకుంటారు. నువ్వూ అదే అనుకున్నావు. నీ తప్పు లేదు, తల్లీ. మీ వాణ్ణి చంపింది నేను."

లోపలినుంచి కోడలు వచ్చింది. అరుగు దిగి, వాకిట్లో మన్ను దోసిట్లోకి తీసుకుని, సిలార్ నెత్తిన పోసింది. "నా బిడ్డ మీద పోశాను. నీ మీదా పోస్తన్నా," అంది. మళ్ళీ వంగింది, మళ్ళీ పోసింది. ఎవరూ ఆపలేదు. సిలార్ కదల్లేదు. మన్ను ఎత్తలేక చేతులు పడిపోయాక ఆమె అరుగెక్కి అత్త పక్కన కూలబడింది. ఆదెమ్మ ఆమె తలని ఒళ్ళోకి లాక్కుంది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చిన ఏడుపు వింటే రాళ్ళు కరుగుతాయి. తర్వాత గురవయ్య గంజి తెచ్చాడు. ముసలమ్మ తాగింది.

"ఇక మా ఊరి పొలిమేర తొక్కొద్దు, మీరూ మీ సూదీ," అన్నాడు ఊరి పెద్ద. హకీము దండం పెట్టి లేచాడు.

దారిలో సిలార్ అన్నాడు, "ముసలమ్మ బతికింది, హజ్రత్. ఊరు మాత్రం పోతుంది."

"పోవచ్చు," అన్నాడు హకీము. కొంచెం దూరం నడిచాక వాగు దగ్గర ఆగాడు. "మొహం కడుక్కో. కళ్ళల్లో మన్ను పడింది."

ఎండలు ముదరగానే జబ్బు నల్లగుండ్లకి వచ్చింది. సిలార్ అన్నట్టే వచ్చింది. గురుశిష్యులు పొలిమేర బయట తాటాకుల పందిరి వేసుకుని కూర్చున్నారు. ఒక్కరూ పిల్లని తీసుకురాలేదు. వేపమండలు కట్టారు, పోలేరమ్మకి దున్నని కోశారు. తర్వాత శవాలు మోసేవాళ్ళే కరువయ్యారు. అప్పుడు మాత్రం గురుశిష్యుల్ని ఎవరూ అడ్డుకోలేదు. వాళ్ళిద్దరికీ చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది, మళ్ళీ రాదు. అందుకని గోతులు తవ్వే పని వాళ్ళ మీద పడింది.

ఒకనాడు ఊరి పెద్ద మనవరాలికి గొయ్యి తవ్వుతూ సిలార్ పార కింద పడేశాడు. "ఆ రోజు పోలేరమ్మ అని ఒక్క మాట అని ఉంటే ఈ పిల్లలంతా చెయ్యి చాపేవాళ్ళు. బతికేవాళ్ళు. అవునా, కాదా? చెప్పండి!" అని అరిచాడు.

హకీము గోతిలోనే నిలబడి చెమట తుడుచుకున్నాడు.

"అవునేమో."

"మరి?"

"తవ్వు," అన్నాడు హకీము. ఆయన కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అప్పటిదాకా ఆయన ఏడవగా సిలార్ చూడలేదు. సిలార్ వంగి పార అందుకున్నాడు.

ఆ గొయ్యి పూడ్చకముందే చెరువు కట్టమీద మనుషులు కనిపించారు. ముందు ఆదెమ్మ, కర్ర పోటేసుకుంటూ. రెండో చేతిలో పక్కింటి పిల్లవాడి చెయ్యి. వెనకాల వాడి తల్లి, కొంగు నోట్లో కుక్కుకుని, రావాలా వద్దా అన్నట్టు నడుస్తోంది.

ఆదెమ్మ గోతిలోకి చూడలేదు. నేరుగా సిలార్ ముందుకి వచ్చి ఆగింది.

"ఊరంతా వద్దంటంది. వీళ్ళమ్మ కూడా వద్దనే అంది. నేను తీసుకొచ్చా," అంది. "నువ్వు అబద్ధం చెప్పవని చెప్పి తీసుకొచ్చా."

సిలార్ గురువు వైపు చూశాడు. హకీము తల ఎత్తకుండా మట్టి లాగుతున్నాడు.

ఆదెమ్మ పిల్లవాడి చెయ్యి సిలార్ చేతిలో పెట్టింది.

"వీడికి వెయ్యి. ఈసారి లేవమాక."