మద్దులమ్మ పట్టుచీర కాదన్న వైనం

ప్రాణహిత ఒడ్డున, మద్దిగూడెం దాటిన తరువాత, నల్లమద్ది చెట్ల నడుమ వెలసిన తల్లి మద్దులమ్మ. ఇక్కడ గోపురం లేదు. మూర్తికి ముతక గోధుమరంగు వస్త్రమే కడతారు. పట్నం నుంచి పట్టుచీరలు తెచ్చి, కట్టరేమని పూజారిపై విరుచుకుపడే భక్తులు ముందుగా ఈ కథ తెలుసుకోవాలి.

పూర్వం ఇక్కడ ఆత్రం సోంబాయి అనే గోండు స్త్రీ దసలి పట్టుపురుగులను పెంచేది. ఈ పురుగు మద్ది ఆకు తిని, పలుమార్లు కుబుసం విడిచి, కొమ్మకు కాయలా గూడు కట్టుకుంటుంది. కాయను ఉడికిస్తే దారం తెగకుండా వస్తుంది, లోపలి ప్రాణి చస్తుంది. అందుకే కొన్ని కాయలను విత్తనానికి విడిచిపెట్టేవారు. తొలకరికి వాటిని తొలుచుకుని సీతాకోకల్లాంటి పట్టుచిలుకలు బయటికి వస్తాయి. వాటికి తినే నోరైనా ఉండదు. గుడ్లు పెట్టి కొద్ది రోజులకే రాలిపోతాయి.

ఒక ఏడు కాయ సరిగా పండలేదు. ఆ సీమనేలే భుజంగరాయుడు, పొరుగు దొరల ముందు తన పేరు మోగాలని, అమ్మవారికి పట్టుచీర మొక్కాడు. భటులు వచ్చి సోంబాయి చూరుకు వేలాడే విత్తనపు దండలన్నీ తెంపుకుపోయారు.

"అవి ఇత్తనపు కాయలయ్యా! ఉడకబెడితే వచ్చే ఏడు గూడెం ఏం తిని బతకాలె?" అంటూ ఆమె వెంటబడింది.

"దేవికిచ్చేదానికి ఏడుపేమిటే?" అని నెట్టివేశారు. తన గొప్పకు తల్లి పేరు తగిలించుకున్న ఆ సిగ్గులేనితనాన్ని ఏమనాలి!

చీర కట్టే నాడు సోంబాయి మూర్తికి అడ్డంగా నిలిచింది.

"దొరా, ఇది ఉడకబెట్టిన కాయల చీరేనా?"

"అవును. అయితే ఏమి?"

"పిల్లల్ని సంపి తల్లికి కప్పుతవా?"

రాయుడు ఆమెను పక్కకు లాగించి చీర కప్పించాడు. అది జారిపడింది. మళ్ళీ కప్పించాడు, మళ్ళీ జారింది. సందెవేళ తొలకరి చినుకు పడింది. ఎవరి చేతికీ అందని చిటారు కొమ్మల అడవి కాయలు విచ్చుకున్నాయి. చిలుకలు దిగివచ్చి మూర్తిని నిలువెల్లా కప్పాయి.

రాయుడు చీర అక్కడే వదిలి గుర్రమెక్కి పోయాడు. ఆ చిలుకలు పెట్టిన గుడ్లతోనే గూడెం నిలిచింది. అవి విడిచిన గూళ్ళను ఏరి, తొడపై దారం వడికి, సోంబాయి అమ్మకు మొదటి వస్త్రం కట్టింది.

నేటికీ మృగశిర కార్తెలో ఆమె వంశపు ఆడపడుచు విత్తనపు దండను మద్దికి కడుతుంది. ఆనాడు అమ్మను సేవించిన ఇంట పిల్లలు చల్లగా ఉంటారని, గాదెలో విత్తనం చెడదని నమ్మిక. పట్టు తెచ్చినవారు అధికారులైనా, రాయుని వంశస్థులైనా, ఆమె అడిగే మాటకు జవాబు చెప్పి తీరాలి: "ఉడకబెట్టినవా, ఇడిసినవా?"

ఉడికించినవైతే చీర బయటే ఉంటుంది. మనిషి లోనికి వచ్చి దండం పెట్టుకోవచ్చు.