ఓరచూపు గంగమ్మ వెలసిన వైనం

నల్లగుట్ట పాదాన, ఊటకాలువ మొదట్లో, కానుగ నీడన శ్రీ ఓరచూపు గంగమ్మ తల్లి కొలువై ఉన్నది. అమ్మవారి ముఖం భక్తుల వైపు కాక, కుడిపక్కనున్న మళ్ళ వైపు తిరిగి ఉంటుంది. ఈ కాలువ కింద నలభై కుటుంబాలవారు సాగు చేసుకుంటున్నారు. నీటికి కావలివాడు లేడు, వంతులు రాసిన కాగితమూ లేదు.

పూర్వం ఇక్కడ ఓబులమ్మ, చెన్నమ్మ అనే తోడికోడళ్ళు పక్కపక్క మళ్ళలో వరి పండించేవారు. నేల ఒకటే, విత్తనం ఒకటే. అయినా దారిన పోయేవారు ఆగి చిన్నకోడలైన చెన్నమ్మ పైరునే మెచ్చుకునేవారు. ఆ మాట వింటే ఓబులమ్మకు ఒళ్ళు మండిపోయేది. కలుపు తీస్తున్నా, సద్ది తింటున్నా ఆమె కళ్ళు పక్క మడి మీదే. పైరు పొట్టకు వచ్చిన వేళ, ఒక వేకువన ఆమె చెన్నమ్మ మడిలోకి నీరు పారే మడవను మట్టితో మూసివేసింది. నీరందక ఆ పైరు ఎర్రబారితే ఓబులమ్మకు కడుపు చల్లబడింది. పదిరోజులకే ఓబులమ్మ మడి గట్టూ తెగి, మడిలోని నీరంతా వాగుపాలైంది.

ఆపై కాలువ కింది రైతుల్లో ఎవరికీ ఎవరి మీదా నమ్మకం లేకపోయింది. ప్రతివారూ తమ మడవ దగ్గర పార పట్టుకుని కూర్చున్నారే గాని, కాలువలో పూడిక తీయడానికి ఒక్కరూ కదలలేదు. తీర్పు చెప్పే అధికారి ఆ చుట్టుపక్కల లేడు.

కాలువ పూడి, నీరందక పైరు చావడం చూడలేక ఓబులమ్మ ఒంటరిగా పూడిక తీయబూనింది. పారకు రాయి తగిలింది. మట్టి తుడిచి చూడగా, పక్కకు చూస్తున్న స్త్రీ ముఖం. ఎండకు సొమ్మసిల్లిన ఆమెకు అమ్మవారు స్వప్నంలో కనిపించి, “నీ కళ్ళు దాని మడి మీదనుండి మళ్ళవు. మళ్ళించమని నేనూ అడగను. ఇకపై దాని మడికి నీవే నీరు కట్టు. నీ మడికి దానిచేత కట్టించుకో” అని ఆనతిచ్చింది.

ఓబులమ్మ లేచి నేరుగా చెన్నమ్మ దగ్గరకు వెళ్ళి, “నీ మడవ మూసింది నేనే” అన్నది.

“తెలుసక్కా” అన్నది చెన్నమ్మ తల ఎత్తకుండా. “నీ గట్టు తెంచింది నేను. అత్త తాళాలగుత్తి నీ చేతికిచ్చిన నాటినుంచి నాకూ కడుపుమంటే.”

ఆనాడే ఇద్దరూ పారలు మార్చుకున్నారు. ఒకరు నీరు తక్కువ కడితే మరుసటి వంతున రెండవవారూ తక్కువే కడతారని ఇద్దరికీ తెలుసు. అది చూసి మిగిలినవారూ పక్క మడివారితో జతకట్టారు, పూడికకు కలిసి వచ్చారు. ఓబులమ్మకు అసూయ పోయిందని మాత్రం పెద్దలు చెప్పరు. చివరిదాకా ఆమె చెన్నమ్మ వరి వెన్నులను వేళ్ళతో కొలిచి చూసి నిట్టూర్చేదట. అయినా నీరు కట్టే వంతు ఒక్కటీ తప్పలేదు.

నేటికీ ఇక్కడ ఎవరూ తమ మడవ తాము తెరవరు. తొలకరి తరువాతి శుక్రవారం భక్తులు తల్లి ఎదుట నిలిచి, తాము ఎవరిని చూసి ఓర్వలేకపోతున్నారో వారి పేరు పైకి చెప్పి, వారి పేరున చెంబెడు నీరు కాలువలో పోస్తారు. అట్లా పోసినవారికి తల్లి పంటతోపాటు కంటినిండా నిద్ర కూడా ప్రసాదిస్తుందని నమ్మకం. కొందరు ఆ పేరు నోటరాక నిండు చెంబుతోనే వెనుదిరుగుతారు. వారిని చూసి ఎవరూ నవ్వరు. మరుసటి ఏటికి వారికోసం వరుసలో ముందు చోటు ఉంచుతారు.