దుప్పులు అప్పగించిన కూత

కొండ కింద మడుగు దగ్గర దుప్పులకో కట్టుబాటు ఉండేది. ఒకరు నీళ్లు తాగుతుంటే మరొకరు కాపు కాయాలి. ఆపద వాసన ఎవరి ముక్కుకు తగిలితే వాళ్లు కూత పెట్టాలి, అది నిన్న పుట్టిన కూనైనా సరే.

ఆ ఏడు ఎండలు మండిపోయి నీళ్లు ఆ మడుగులోనే మిగిలాయి. చిరుతపులి దాని చుట్టూ మకాం వేసింది. ఒకనాడు ఎండుటాకుల చప్పుడుకే ఎవరో కూత పెడితే మంద బెదిరి పరుగెత్తింది. రెండు కూనలు గిట్టల కింద నలిగిపోయాయి. వాటిలో ఒకటి పొన్న అనే దుప్పి చెల్లెలి పిల్ల.

మర్నాడు గంభీరుడనే గండుదుప్పి బండ మీదికెక్కి, వానలు పడేదాకా కూత హక్కు తనొక్కడికే ఇమ్మన్నాడు. తన వెంట తిరిగే నక్కలు కాపు కాస్తాయట, ఆపద నిజమో కాదో తనే తేలుస్తాడట. అందరూ తలలూపారు. అందరికంటే ముందు పొన్న ఊపింది. తన పిల్ల బతికితే చాలు ఆమెకు.

ముసలి తాబేలు మాత్రం ఊరుకోలేదు. "మా అవ్వ కాలంలో పెద్దపులి గోళ్లు చూపించి ఏలింది. తర్వాత ఏనుగొచ్చి, దేవుడే పంపాడని చెప్పుకుని ఏలింది. వాళ్లు లాక్కున్నారు. మీరు తలలూపి మరీ ఇస్తున్నారు" అంది.

తెల్లారేసరికి ఆ తాబేలు గట్టు మీద వెల్లకిలా పడుంది. కాళ్లు ఇంకా కొట్టుకుంటున్నాయి. తిప్పి నిలబెట్టడానికి ఎవరూ వెళ్లలేదు. పొన్న కూడా వెళ్లలేదు.

వానలు పడ్డాయి, వెలిశాయి. చిరుత ఇంకా ఉందంటూ గంభీరుడు హక్కు తిరిగివ్వలేదు. పొదకో నక్క కాపలా కూర్చుంది. తుమ్మిన ఓ దుప్పిని కూత పెట్టావంటూ నక్కలు లాక్కుపోయాయి, అది మళ్లీ కనబడలేదు. పొన్న తన పిల్లకు మేయడం కంటే ముందు నోరు మూసుకోవడం నేర్పింది. నక్కల కళ్లన్నీ మంద మీదే. అడవి వైపు చూసేది ఒక్కటీ లేదు.

ఒక సాయంత్రం పొన్న ముక్కుకు చిరుత వాసన గుప్పుమంది. పిల్ల గంభీరుడి పక్కనే నీళ్లు తాగుతోంది. కూత గొంతు దాకా వచ్చింది. పొదలో నక్క చెవులు రిక్కించింది. పొన్న కూతను మింగేసి, వణికే కాళ్లతోనే నడిచివెళ్లి పిల్లను మూతితో వెనక్కి నెట్టింది.

"ఎక్కడికి?" అన్నాడు గంభీరుడు.

"పిల్లకి దాహం తీరింది దొరా."

"ఆ వణుకేమిటి? వాసనేమైనా తగిలిందా?"

"తేల్చాల్సింది తమరు కదా దొరా. మా ముక్కులకేం తెలుస్తుంది?"

నక్కల కాపుకు అలవాటుపడి ముక్కు మొద్దుబారిన గంభీరుడికి ఆ జవాబు నచ్చింది. మళ్లీ నీళ్లలో మూతి పెట్టాడు. పొన్న చుట్టూ చూసింది. మంద మొత్తం అడుగులో అడుగు వేస్తూ వెనక్కి జరుగుతోంది. వాసన అందరికీ తగిలింది. ఎవరూ నోరు విప్పలేదు.

రెల్లు కదిలింది. గంభీరుడు కూత పెట్టబోయాడు. అప్పటికే చిరుత పళ్లు అతని గొంతులో దిగాయి.

నక్కలు చెల్లాచెదురుగా పారిపోయాయి. "అమ్మా, ఇక కూయొచ్చా?" అని పిల్ల చెవిలో అడిగింది. పొన్న నోరు తెరిచింది. ఖాళీ పొదల వైపు ఒకసారి చూసి, మళ్లీ మూసుకుంది.

నీతి: భయపడి అప్పగించిన గొంతు, దాన్ని పుచ్చుకున్నవాడు పోయినా వెంటనే తిరిగి రాదు.