కోటమ్మ కల్లంలో ఖాళీ వరస

మధ్యాహ్నానికి పెట్టె మూడోసారి కొయ్యబారిపోయింది. సుహాసిని దాని ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

చూడ్డానికి టిఫిన్ డబ్బా అంత పెట్టె. దానికొక కెమెరా, ఒక సైరన్. జిల్లేళ్ళవాగు చప్టా దగ్గర స్తంభానికి బిగించాలి. పావుగంటకోసారి అది వాగుని ఫొటో తీస్తుంది. నీళ్ళు చప్టా పక్కన గీసిన ఎర్రగీత దాటితే సైరన్ మోగిస్తుంది. బడిపిల్లల ఆటోలు వానాకాలమంతా ఆ చప్టా మీదుగానే రావాలి.

బిగించేవాళ్ళు రేపు పొద్దున తొమ్మిదింటికి వస్తారు. ఇక్కడ చూస్తే, లోపల పని ఎక్కువైనప్పుడు ఫొటో వచ్చిందంటే చాలు, పెట్టె నిలబడిపోతోంది. గీత దాటినా సైరన్ లేదు, ఏమీ లేదు.

ఆ పెట్టెలు తయారుచేసేది సైదులుగారు. ముప్పై ఏళ్ళు నగరంలో కంప్యూటర్ల కెర్నెల్ రాసి, సొంతూరికొచ్చి మిరప కల్లాల పక్కన రెండు గదుల ఇంట్లో ఉంటున్నారు. ఆయన దగ్గర నేర్చుకోవాలని సుహాసిని ఎనిమిది నెలల క్రితం వచ్చింది.

కెర్నెల్ అంటే యంత్రం లోపలి ఇంటిపెద్ద. లోపల నడిచే ప్రతి ప్రోగ్రామూ మెమరీలో కాస్త చోటు అడుగుతుంది. ఎవరికెంత ఇవ్వాలో, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో కెర్నెల్ చూసుకుంటుంది. చిన్న చిన్న చోట్లు ఇవ్వడం తేలికే. ఫొటోలాంటి పెద్దది వచ్చి, నాకు ఒకే బారున ఇంత కావాలి అన్నప్పుడే చిక్కు. ఖాళీ లేక కాదు. ఇక్కడ పిడికెడు, అక్కడ పిడికెడు ఉంటుంది. పెళ్ళిబంతిలో ఖాళీ విస్తళ్ళు తలోచోట ఉంటే, పదిమంది చుట్టాలొచ్చి పక్కపక్కనే కూర్చుంటామని పట్టుబట్టినట్టు. అప్పుడు కూర్చున్నవాళ్ళని ఒక్కొక్కర్నీ జరపాలి.

ఆ జరిపే పనిని సుహాసినే రాసింది. చదివి, బాగుందన్నారు సైదులుగారు. ఆయన నోట ఆ మాట ఏడాదికొకసారి వస్తే గొప్ప.

దాంతో ఆమెకి కాస్త హుషారు ఎక్కింది. గురువుగారు పాతికేళ్ళ కిందటి అలవాటు కొద్దీ మెమరీలో కొంత భాగం ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టి ఉంచడం ఆమె కంట పడింది. అసలే చిన్న పెట్టె. ఉన్నదే కొంచెం. అందులో ఊరికే పడి ఉండేది కూడానా అనుకుంది. ఆయన మేనల్లుడి పెళ్ళికి మాచర్ల వెళ్ళిన వారంలో ఆ భాగమంతా ఫొటోకి కలిపేసింది. బొమ్మ అద్దంలా వచ్చింది. ఆయన తిరిగొచ్చాక చూపించి, ఉన్నదంతా వాడకంలోకి తెచ్చేశానని చెప్పింది. ఆయన బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసి, నీళ్ళ అడుగున గులకరాళ్ళు కూడా కనిపిస్తున్నాయే అన్నారు. అంతకుమించి ఏమీ అనలేదు. అది మెచ్చుకోలే అనుకుంది సుహాసిని.

ఈ పొద్దున్నుంచి కొయ్యబారడం మొదలైంది.

మొదట, చోటు దొరికేదాకా ఓపిగ్గా ఆగమని రాసింది. పెట్టె ఆగింది. గంటసేపు ఆగింది. రెండోసారి విసుగొచ్చి, చోటు చాలకపోతే అందరికంటే ఎక్కువ చోటు తింటున్న ప్రోగ్రాముని బయటికి తోసెయ్యమని రాసింది. అది తిన్నగా వెళ్ళి సైరన్ చూసుకునే ప్రోగ్రామునే తోసేసింది. సుహాసినికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రాసినదాన్ని చెరిపేసి మళ్ళీ మొదటికొచ్చింది. పెట్టె మళ్ళీ నిలబడిపోయింది.

ఇక దాచి లాభం లేదని లోపలి గదిలోకి వెళ్ళి చెప్పింది. రేపటికి తన పెట్టె వద్దనీ, మసగ్గా ఉన్నా పాతదే పంపించమనీ అంది.  మూడు నెలల పని పక్కన పెట్టినట్టే.

సైదులుగారు మజ్జిగ తాగుతున్నారు. గ్లాసు దించకుండానే అడిగారు.

"ఆగిపోయినప్పుడు ఏం చేస్తోంది?"

"జరుపుతోంది సార్. మొదటిదాన్నే. జరుపుతూనే ఉంది."

ఆయన గ్లాసు కింద పెట్టి లేచారు. మూల నిలబెట్టిన చాప చంకన పెట్టుకున్నారు. తువ్వాలు భుజాన వేసుకున్నారు. బయటికి రమ్మన్నట్టు తల ఊపి నడిచారు.

ఇంటి ముందే కోటమ్మ కల్లం. డెబ్బై ఏళ్ళ మనిషి, వరసకి ఆయనకి మేనత్త. కల్లం నిండా మిరపకాయలు, ఎర్రటి వరసలుగా. ఈ చివర మాత్రం ఒక వరస మేర నేల ఖాళీగా ఉంది. సైదులుగారు తిన్నగా వెళ్ళి ఆ ఖాళీలో చాప పరిచారు. పడుకుని, తువ్వాలు మొహం మీద కప్పుకున్నారు.

సుహాసిని అరుగు మీదే నిలబడిపోయింది. తన ప్రాణం మీదికొస్తే ఈయనకి నిద్ర కావలసి వచ్చిందా అనుకుంది. కోపం కూడా వచ్చింది. 

కాసేపటికి కోటమ్మ వచ్చింది. చేతిలో పొడుగు కర్రకి అడ్డంగా చెక్క బిగించిన తిరగేత కర్ర. కాయలు తిరగేసే వేళ అది. పడమట మబ్బు కూడా పట్టింది. కిందవి పైకి తెచ్చి ఈ కాస్త ఎండన్నా తగిలించకపోతే రేపటికి మచ్చలొస్తాయి. ఆమె చాప దగ్గరికొచ్చి ఆగింది.

"లెగరా సైదులూ. నీకు పడుకోటానికి ఇల్లు లేదా?"

"ఇక్కడ చల్లగా ఉందత్తా," అన్నారు తువ్వాలు కిందినుంచి. "ఇంత కల్లం ఉందిగా. ఆ చివరి నుంచి తిరగేసుకుంటా రా."

"ఆ చివరి నుంచి తిరగేసి ఎక్కడ పొయ్యమంటావు? నీ నెత్తినా?"

"పక్క వరసలో పొయ్యి."

"పక్క వరసలో కాయలున్నయ్ కదరా. ఈ వరస ఆ ఖాళీలోకి తిప్పితే, దీని చోటు ఖాళీ అయ్యిద్ది. అందులోకి తర్వాతది. అట్టా పోతది కల్లమంతా. చదువుకున్నోడివి, నీకు చెప్పాల్నా?"

సైదులుగారు కదల్లేదు. కోటమ్మ సుహాసిని వైపు తిరిగి, ఈడు చిన్నప్పుడూ ఇంతేనమ్మా, గడ్డివాము ఎక్కి దిగేవాడు కాదు అని ఫిర్యాదు చేసింది. తర్వాత కర్ర చివరతో ఆయన పక్కటెముకల్లో నెమ్మదిగా పొడిచింది.

"నువ్వు లెగిస్తేగానీ కల్లంలో ఒక్క కాయ కదలదు. లెగు."

సుహాసిని చూస్తూ ఉంది. కాయల వంక చూసింది, చాప వంక చూసింది, కర్ర పట్టుకుని అడుగు వేయడానికి చోటు లేక నిలబడ్డ ముసలమ్మ వంక చూసింది. మబ్బు ఇంకొంచెం పైకొచ్చింది.

ఆమె గిరుక్కున లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళడం విని సైదులుగారు లేచారు. చాప దులిపి చుట్టారు. అత్త చేతిలో కర్ర తాను తీసుకుని, మొదటి వరస తిరగెయ్యడం మొదలుపెట్టారు. సరిగా తిప్పడం లేదని కోటమ్మ పక్కనే నడుస్తూ తిడుతూ ఉంది.

లోపల సుహాసిని తెర మీది వరసలు మళ్ళీ చదివింది. పొద్దున్నుంచి కళ్ళముందే ఉన్నాయవి. మొదటిదాన్ని జరిపి పెట్టడానికి ఆమె రాసిన జరిపేవాడు కెర్నెల్‌ని చోటు అడుగుతున్నాడు. లేదు, జరిపి ఇస్తానుండు అని కెర్నెల్ అంటోంది. జరిపేవాడు మళ్ళీ అడుగుతున్నాడు. కెర్నెల్ మళ్ళీ అదే మాట. మర్యాదగా, ఒకళ్ళమీదొకళ్ళు ఒక్క మాట తూలకుండా, గంటలకొద్దీ.

గురువుగారు పక్కన పెట్టిన భాగాన్ని ఆమె ఫొటో దగ్గర్నుంచి వెనక్కి తీసుకుంది. మునుపున్న చోటే ఉంచింది. జరిపేవాడు తప్ప ఇంకెవరు అడిగినా ఇవ్వొద్దని రాసింది. తర్వాత పెట్టె లోపల కావాలని పనంతా కుక్కి, గీత దాటిన వాగు ఫొటో ఒకటి పంపింది.

చిన్నవి ఒక్కొక్కటే జరిగాయి. బారెడు చోటు తెరుచుకుంది. ఫొటో అందులో కూర్చుంది. సైరన్ మోగింది.

కల్లంలో కోటమ్మ ఉలిక్కిపడి చెవులు మూసుకుని, ఎవురమ్మా అది, నా గుండె ఆగిపోను అని అరిచింది. మూడుసార్లు పంపితే మూడుసార్లూ మోగింది. నాలుగోసారి పంపితే, కాయలైనా తడవనిస్తాను గానీ ఆ గోల భరించలేను అంది కోటమ్మ.

సుహాసిని అరుగు మీదికి వచ్చింది. మొహం తేటగా ఉంది. సైదులుగారు ఆఖరి వరసల్లో ఉన్నారు. ఇప్పుడు ఖాళీ దాదాపు ఆ చివరికి చేరింది.

"పెట్టె రేపు వెళ్తుంది సార్," అంది. మనసులో ఉన్నది కూడా అడిగేసింది. "కానీ బొమ్మ మళ్ళీ మసకబారింది. మీరు ఉంచినంతా అక్కర్లేదేమో అనిపిస్తోంది. ఎంత వదిలితే సరిపోతుంది?"

ఆయన కర్ర ఆపి, చెమట తుడుచుకున్నారు.

"తిరగేసే మనిషి నిలబడేంత," అన్నారు.