ప్రధాని పీఠం మీద గుర్రాల కాపరి

కొత్త ప్రధాని రాగానే గుర్రాలకు పేర్లెందుకన్నాడు. పొద్దున మేత నుంచి కొట్టంలోకి ముందొచ్చింది ఒకటోది, దాని వెనకది రెండోది, అంతే. నిన్నటి ఒకటి ఇవాళ నాలుగవుతుంటే కాపరి పోలప్పకు ప్రాణం విసిగిపోయింది.

ఒకనాడు ప్రధాని, "ఒకటోది మధ్యాహ్నం నుంచి కుంటుతోంది. రేపు రాజుగారి వేటకు ఆరోదానికి జీను వెయ్యి" అన్నాడు.

కుంటి గుర్రం ముందెలా నడుస్తుంది? మర్నాడు అదే ఆరోదిగా వచ్చింది.

"అయ్యా, ఇది..."

"ఆరోదన్నాను, ఆరోదే!"

రాజు వేటదారిలో గుర్రం మీంచి పడ్డాడు. తప్పు పోలప్పదేననీ, మర్నాడు కొలువులో కొరడా దెబ్బలనీ ప్రధాని తేల్చేశాడు.

తెల్లారి రాజు వచ్చేసరికి పోలప్ప ప్రధాని పీఠం మీద కూర్చుని ఆవులిస్తున్నాడు. అందరికన్నా వెనక దర్జాగా వచ్చిన ప్రధాని, "లేవరా!" అని అరిచాడు.

"ముందొచ్చాను గనక ఇవాళ ప్రధానిని నేనే. ఆఖరున వచ్చిన తమరు కొట్టంలో లద్దె ఎత్తాలి. తమరు పెట్టిన పద్ధతే కదండీ," అన్నాడు పోలప్ప నీరసంగా.

నడుం నొప్పిలోనూ రాజు పగలబడి నవ్వాడు. "దెబ్బలూ లేవు, అంకెలూ లేవు. గుర్రాలకు పాత పేర్లే పెట్టు."

"కొత్తగా పెట్టేదేముంది మహాప్రభో," అంటూ పోలప్ప బరువుగా లేచాడు. "వాటి పేర్లు అవి మరిచిపోతే గదా!"