కొమ్మురేవు జంటచందమామలమ్మ

ఉత్తరాంధ్ర తీరాన కొమ్మురేవులో వెలసిన జంటచందమామలమ్మ గుడిలో విగ్రహం లేదు. గద్దె మీద రెండు గుండ్రని రాళ్లున్నాయి. ఒకటి నున్నగా, మరొకటి పొరలు పొరలుగా ఉంటుంది. భాద్రపద పున్నమి సాయంత్రం వచ్చే యాత్రికులు ముందుగా ఈ కథ తెలుసుకోవాలి. తెలియక వచ్చామంటే అమ్మ దగ్గర మినహాయింపు లేదు.

పూర్వం ఇక్కడ ఒక చీనా ఓడ తెరచాప చిరిగి ఆగిపోయింది. అందులో ఇద్దరు వంటవాళ్లు. కాంటన్ వాడైన లియాంగ్ పల్చగా ఒత్తిన మెత్తని పిండిలో తామరగింజల ముద్ద కూరి, నడుమ ఉప్పులో ఊరిన బాతుగుడ్డు పచ్చసొనను చందమామగా పెట్టేవాడు. సూచౌ వాడైన షెన్ పందికొవ్వుతో పిండిని మడిచి మడిచి, పొరలు రాలే బిళ్లలు కాల్చేవాడు. ఆ పున్నమి వాళ్లకు చంద్రుని పండుగ; చందమామలా గుండ్రంగా చేసిన ఈ బిళ్లలనే ఆయనకు నివేదిస్తారు. నివేదనకు ఎవరి బిళ్ల పెట్టాలన్న పంతం ముదిరింది. లియాంగ్ పొరల బిళ్లను పిడికిట నలిపి పారబోశాడు. షెన్ ఊరుకుంటాడా? కాంటన్ బిళ్లను నేలకు కొట్టి, బయటపడ్డ పచ్చసొనను మడమతో తొక్కాడు.

అప్పుడే కడలి మీద పొడిచిన చంద్రుడు ఎర్రబడి, నల్లబడి, కనబడకుండా పోయాడు. ఏ పంచాంగంలోనూ లేని గ్రహణమది. రేవు జనానికి పైప్రాణాలు పైనే పోయాయి. వేటకు వెళ్లిన పడవలు ఇంకా రేవు ముందరి బండల అవతలే ఉన్నాయి. వాటిలో బెస్త ఇల్లాలు అసిరమ్మ పెనిమిటి కూర్మయ్య ఉన్నాడు.

ఒడ్డున ఎదురుచూస్తున్న అసిరమ్మకు అమ్మ పూనింది. "ఒకలి సందమామని ఒకలు పాడుసేసినార్రా! ఎవుడు దేన్ని పాడుసేసినాడో ఆడే దాన్ని మల్లీ సెయ్యాల. నేదంటే ఒక్క పడవా ఒడ్డుకి రాదు!"

ఓడ దుబాసీ ఆ మాట వాళ్ల భాషలో చెప్పగానే వంటవాళ్లు మళ్లీ పొయ్యి రాజేశారు. షెన్ పచ్చసొన కూరాడు, లియాంగ్ కొవ్వుపిండి మడిచాడు. అలవాటు లేని చేతుల్లో బిళ్లలు వంకరపోయాయి. కాల్చి ఇసుకదిబ్బ మీద పెట్టగానే చంద్రుని అంచు తొంగిచూసింది. పడవలు దరి చేరాయి. అందరికన్నా చివర కూర్మయ్య దిగాడు.

"సీకట్లో నీ గొంతే నన్ను పేరెట్టి పిలిసిందే. అటే తెడ్డేసినాను. ఎన్నెలొచ్చి సూస్తే ఎదర బండ! నువ్వు నన్ను ఏనాడూ పేరెట్టి పిలవనేదని అప్పుడు గేపకమొచ్చింది" అన్నాడు భార్యతో.

తెల్లవారేసరికి దిబ్బ మీది బిళ్లలు రాళ్లయ్యాయి. నేటికీ ఇక్కడ పైవీధివారు తామరగింజల బిళ్లలు, కిందివీధివారు పొరల బిళ్లలు చేస్తారు. పున్నమినాడు మాత్రం ఒకరివి ఒకరు చేయాలి. కొవ్వుకు బదులు నెయ్యి వాడుతున్నారు, అమ్మ ఇంతవరకు కోప్పడలేదు. ఆ ప్రసాదం తిన్నవారికి నీటిగండం తప్పుతుందని నమ్మకం. నివేదన ముగిసేదాకా రేవులో ఎవరూ ఎవరినీ పేరుపెట్టి పిలవరు. ఆ వేళ సముద్రం వైపు నుంచి మీ పేరు వినిపిస్తే, కన్నతల్లి గొంతైనా సరే, పలకవద్దు.