జ్వాలాకేతు తొలిచూపు

విరోధికృతు నామ సంవత్సరం, వైశాఖ శుద్ధ సప్తమి, గురువారం. మేఘవరంలో ఆ రోజు పొద్దున్నుంచీ వడగాలి. మధ్యాహ్నం నాలుగు చినుకులు బయలుదేరాయి గానీ నేలను తాకేలోపే మనసు మార్చుకున్నాయి. ఆ ఊరికి మేఘవరమని పేరు పెట్టినవాడు గొప్ప ఆశావాది అయ్యుంటాడు.

అలాంటి ఎండలో మనబోటివాళ్లం మజ్జిగ తాగి పడుకుంటాం. రాజులకు ఆలోచనలు వస్తాయి. మేఘవరం రాజు అనంతభూపతి గారికి నిప్పులు కక్కే రెక్కల పాము ఆలోచనలోకి వచ్చింది. ఇప్పటి పిల్లలు డ్రాగన్ అంటారే, అదే. రాజుగారు దానికి జ్వాలాకేతు అని పేరు పెట్టి, అచ్చం తన మీసాల్లాంటి మీసాలు కూడా మనసులోనే తగిలించేశారు.

వెంటనే ఆస్థాన చిత్రకారుడు బుచ్చివీరన్నను పిలిపించారు.

"వీరన్నా, సభామంటపం గోడ నిండా జ్వాలాకేతు ఉండాలి. దానికి ప్రాణం పోసినవాడికి ఏటి ఒడ్డు మాన్యం శాశ్వతంగా రాసిస్తాను."

ఆ మాన్యం తండ్రి కాలం నుంచీ బుచ్చివీరన్న సాగు చేసుకుంటున్నదే. ఇంటిల్లిపాదీ తినే అన్నం దాని మీదే. తాను ఉదారంగా ఇస్తున్నది ఎవరిదో రాజుగారికి గుర్తులేదు. గుర్తుచేసే ధైర్యం సభలో ఎవరికీ లేదు.

ఆస్థాన వైద్యుడు భైరవశాస్త్రి మాత్రం చెవులు రిక్కించాడు. ఆ పొలం మీద అతనికి ఎప్పట్నుంచో కన్నుంది.

"ప్రభూ, శరీరతత్వం తెలియకుండా గీస్తే అది జ్వాలాకేతు కాదు, బల్లి అవుతుంది."

"నీకు తెలుసా?"

"నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?"

ఇంకెవరికీ తెలియదన్నది మాత్రం నిజమే. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాడు.

"దానికి రెండు పొట్టలు ప్రభూ. ఒకటి తిండికి, ఒకటి నిప్పుకి."

"నిప్పు కక్కితే మీసం కాలదా?" రాజుగారి చెయ్యి సొంత మీసం మీదికి వెళ్లింది.

"రాజసం ఉన్న మీసం కాలదు."

"జలుబు చేస్తే?"

"పొగ వస్తుంది."

మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన మేష్టారు కప్పను బల్ల మీద పెట్టుకుని కూడా ఇంత ధీమాగా మాట్లాడేవారు కాదు. ఆయనకు కప్పంటే భయమనుకోండి, అది వేరే సంగతి.

ఆ రోజు నుంచి శాస్త్రి నిచ్చెన పక్కన కాపు వేశాడు. పొట్ట పెంచు, తోక తగ్గించు, ఇక్కడ పిత్తాశయం ఉబ్బాలి. బుచ్చివీరన్న నోరెత్తకుండా పెంచాడు, తగ్గించాడు, ఉబ్బించాడు. ఇంత చేసినా బొమ్మ అందంగానే వచ్చింది. శాస్త్రి చేయగలిగింది చేశాడు పాపం.

ఇక కళ్లే మిగిలాయి. మేఘవరం ఆనవాయితీ ఒకటుంది. బొమ్మకు కనుపాపలు ఆఖర్న, నిండుసభలో దిద్దాలి. ప్రాణం పోసినవాడే ఎదురుగా నిలబడి దిద్దాలి, తొలిచూపు అతని మీదే పడాలి. ఎప్పుడూ ఆ పని చిత్రకారుడే చేసేవాడు కనుక, దాన్ని ఎవరూ ఆనవాయితీగా పట్టించుకునేవారు కాదు.

కళ్లు దిద్దే రోజు సభ నిండింది. శాస్త్రి గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, అసలు విశేషం కళ్లలో ఉంది. నిప్పుపొట్ట నుంచి ఒక నరం నేరుగా కనుపాపకు వెళుతుంది. దాని తొలిచూపు ఎవరి మీద పడితే వాళ్లు బూడిదే!"

ముందు వరసలో ఉన్నవాళ్లు మర్యాదగా వెనక వరసకు జరిగారు.

"శభాష్!" అన్నారు రాజుగారు. "మరి ఇందులో వీరన్న చేసిందేమిటి?"

"కుంచె కదిపాడు ప్రభూ. ప్రాణం పోసింది నేను."

"అయితే మాన్యం నీకే. పత్రం రాయడానికి రాయసగాణ్ణి పిలవండి."

బుచ్చివీరన్న తల వంచుకున్నాడు. అప్పుడే రాజుగారి నోటికి తమలపాకు చిలక అందించింది నాంచారి. ఆమె రాజుగారి అడపకత్తె. ఆకులు చుట్టి ఇవ్వడం ఆమె పని. నోట్లో చిలక ఉన్నంతసేపూ రాజుగారు మాట్లాడలేరు కాబట్టి, ఆ సంస్థానంలో ఒక వాక్యం పూర్తిగా మాట్లాడే వీలు నాంచారి ఒక్కదానికే ఉండేది.

"శాస్త్రిగారూ, చిన్న సందేహం. బొమ్మలో ఇంకేమైనా లోపముందా?"

"వెంట్రుకవాసి లేదు."

"అంతా మీరు చెప్పినట్టేనా?"

"అక్షరాలా!"

"అయితే రండి బాబూ." నాంచారి నిచ్చెనను గోడకు ఆనించి, కుంచె అతని చేతిలో పెట్టింది. "ప్రాణం పోసినవాళ్లే కదా కళ్లు దిద్దాలి."

శాస్త్రి మొహంలో రంగు మారింది. "నాకు... బొమ్మలు వేయడం రాదే!"

"రెండు చుక్కలే కదండీ. రోజూ నుదుట బొట్టు పెట్టుకోవడం లేదూ?"

"అయినా ఇది వట్టి బొమ్మ. బొమ్మ చూపు కాలుస్తుందా ఎక్కడైనా?"

"కాల్చదంటే అందులో ప్రాణం లేనట్టే. మరి ఇన్నాళ్లూ మీరు పోసిందేమిటి, శాస్త్రిగారూ?"

రాజుగారు చిలక నమలడం పూర్తిచేశారు.

"ఎక్కవయ్యా!"

శాస్త్రి ఒక మెట్టు ఎక్కాడు. పైనుంచి ఆ మొహం, ఆ కోరలు, తాను దగ్గరుండి పెట్టించిన ఆ నిప్పుపొట్ట. కాలితే ప్రాణం పోతుంది. కాలకపోతే పరువు పోతుంది, రాజుగారి ముందు అబద్ధమాడినందుకు తల కూడా పోవచ్చు. ఎక్కిన మెట్టు దిగేశాడు.

"ప్రభూ! ప్రాణం పోసింది బుచ్చివీరన్నే! నేను ఊరికే... పక్కన నిలబడ్డానంతే!"

"అందరూ విన్నారుగా?" అంది నాంచారి.

బుచ్చివీరన్న చకచకా ఎక్కి, రెండు చుక్కలు పెట్టి, దిగాడు. కనుబొమ్మ వెంట్రుక కూడా కమలలేదు.

రాజుగారికి ఆశాభంగమైంది. "మరి బూడిదేదీ?"

"కన్నతండ్రిని ఎలా కాలుస్తుంది ప్రభూ?" అంది నాంచారి. "మీరు పెంచుతున్న జంతువాయె, ఆమాత్రం మర్యాద తెలియదా!"

రాజుగారు పకపకా నవ్వారు. ఆయన నవ్వారు కాబట్టి సభంతా నవ్వింది.

ఏటి ఒడ్డు మాన్యం బుచ్చివీరన్నకే రాసిచ్చారు. అతని తర్వాత అది కూతురు సుభద్రకు వచ్చింది. రాజుగారి తమలపాకుల పెట్టె, ఆ వెండి అడపం, నాంచారికి, ఆమె తదనంతరం ఆమె చెల్లెలికి చేరింది. సంస్థానమూ, జ్వాలాకేతు ఉన్న గోడా రాజుగారి అల్లుడికి వచ్చాయి. భైరవశాస్త్రికి ఏమీ దక్కలేదు. రెండు పొట్టల సిద్ధాంతం ఒకటి ఉండేది, ఎవరూ అడగలేదు కనుక అది అతని దగ్గరే ఉండిపోయింది.